ఆర్మీ సప్లయర్

9 అక్టోబర్ 2024

సాయంత్రం ఆర్మీ పి.ఆర్.ఓ. నుంచి మెసేజ్. చక్రధర్, హోదా నాయక్, ఆర్మీ సర్వీస్ కోర్, వయసు ముప్పై నాలుగు. ఉత్తర సిక్కింలో నిన్న కొండచరియ విరిగిపడి మృతి. ఊరు రావులమెరక. కూచిపూడి దాటాక వస్తుంది.

అక్కడి నుంచి మాకు వార్తలు పంపే స్ట్రింగర్‌తో మాట్లాడాను. ఊళ్ళో అందరూ చక్రి అంటారట. మగ్గాల వీధి. తండ్రి పోయాక మగ్గం అమ్మేశారు. భార్య రాజ్యలక్ష్మి బ్లౌజులు కుడుతుంది. ఒక కూతురు, నాలుగో తరగతి.

ఆరు వాక్యాలు రాశాను. చలికాలం దారులు మూసుకుపోకముందే పై పోస్టులకు పిండి, పప్పు, కిరోసిన్ చేరవేస్తారు. ఆ లారీల్లో ఒకదానిలోని సరుకుకి ఇతను బాధ్యుడు. ముందు రోడ్డు తెగి లారీలు ఆగాయి. ఆగిన లారీ మీద కొండ పడింది. అంతే తెలిసింది. అంతే రాశాను.

డెస్క్ నుంచి గోపీనాథ్ ఫోన్ చేశాడు. జిల్లా పేజీ అతనిదే. వీరజవాన్ అని పెట్టనా మేడం అన్నాడు. వద్దన్నాను. ఏం చేశాడో తెలియకుండా వీర అని ఎలా పెడతాం, తెలిశాక పెడదాం అన్నాను. సరే మీ ఇష్టం అన్నాడు. నా కాపీలో విశేషణం దొరికితే దొరికినవాళ్ళకి టీ అని ఆఫీసులో ఒక పాత పందెం ఉంది. ఇంతవరకు ఎవరూ తాగలేదు.

10 అక్టోబర్

నా ఆరు వాక్యాలూ కామాతో సహా అలాగే వచ్చాయి. హెడ్డింగ్ మాత్రం గోపీనాథ్‌ది.

కొండచరియ పడి ఆర్మీ సప్లయర్ మృతి.

ఫోన్ చేసి, సప్లయర్ ఏంటయ్యా అని అడిగాను. సప్లై విభాగం జవాన్ అంటే రెండో లైన్లోకి పోతోంది మేడం, పక్కనే యాడ్ ఉంది అన్నాడు.

విజయవాడలో సప్లయర్ అంటే ఇద్దరే. హోటల్లో ఇడ్లీ ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. పెళ్ళిళ్ళకి షామియానా, కుర్చీలు అద్దెకి ఇచ్చేవాడు. మూడో అర్థం నిఘంటువులో ఉండొచ్చు. బందరు రోడ్డు మీద లేదు.

12 అక్టోబర్, దసరా

ఈ రోజే శవం రావాలా అని ఎవరో అన్నారు. గన్నవరంలో విమానం దిగింది. పూలదండలు చుట్టిన ఆర్మీ లారీ వెనక మా కారు. దుర్గమ్మ కొండకి వెళ్ళే ట్రాఫిక్ అంతా మళ్ళించారు. బెంజ్ సర్కిల్ దగ్గర లారీ కదల్లేదు. ఎర్రబట్టల భవానీలు లారీకి రెండు పక్కలా నడిచి వెళ్తున్నారు. ఒకాయన అందులో ఏముందో తెలియక దణ్ణం పెట్టాడు. తెలిసినవాళ్ళు సెల్‌ఫోన్లు ఎత్తారు.

లారీ ముందు సీట్లో ఒక సుబేదార్. పేరు నేగీ, ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ మనిషి. శవంతో పాటు సిక్కిం నుంచి వచ్చాడు. ఆయనకి తెలుగు రాదు. పక్కనే బసవపున్నయ్య గారు, పామర్రు. అదే కోర్‌లో పనిచేసి రిటైరైన సుబేదార్. పాత మెడల్స్ పెట్టుకుని, ఎవరూ పిలవకుండానే ఎయిర్‌పోర్టుకి వచ్చారు. ఆగిన బండిలో కూర్చుని ఇద్దరూ హిందీలో మాట్లాడుకుంటున్నారు. ఏమంటున్నాడండీ అని అడిగాను. కాన్వాయ్ ఎక్కడన్నా ఆగితే ఈయనకి భయంగా ఉంటదంటమ్మా, ఇప్పుడు కూడా అంతే అంటన్నాడు అన్నారు.

రావులమెరక చేరేసరికి పొద్దు వాలింది. ఏర్పాట్లన్నీ లక్ష్మీకాంత్ గారివి. ఆయనకి రైస్ మిల్లు ఉంది. ఊళ్ళో ఏం జరిగినా ముందుంటారు. మంచినీళ్ళ ప్యాకెట్లు, మైకు, షామియానా, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పేటిక తెచ్చి షామియానా కింద పెట్టారు. షామియానా అంచు మీద ఎర్రటి పెయింట్‌తో రాసి ఉంది: మాణిక్యం సప్లయర్స్, పామర్రు. అక్షరాలు సరిగ్గా పేటిక మీదకి వేలాడుతున్నాయి.

వెనక కుర్రాళ్ళ గుంపులో ఎవడో, మన చక్రి బావకి బోర్డు కూడా కట్టార్రోయ్ అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. మొన్న పేపర్ చదివిన ఊరు. రాజ్యలక్ష్మి తలెత్తి ఆ అక్షరాలు చూసింది. మళ్ళీ తల దించుకుంది.

నా పక్కన నిలబడిన శౌరమ్మ ఆ కుర్రాళ్ళ వంక తిరిగింది. ఈవిడ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నవ్వండ్రా, మీ అందరికీ గుడ్లు ఉడకేసి పెట్టిందాన్ని నేనే అంది. తర్వాత నాతో, ఇన్నేళ్ళు వండి పెట్టానమ్మా, ఒక్కడూ నా పేరు అడగలా, గుడ్డు సరిగ్గా ఉడక్కపోతే మాత్రం సంగతి ఎమ్మార్వో దాకా పోద్ది అంది.

తుపాకులు మూడుసార్లు పేలాయి. పాప చెవులు మూసుకుంది.

13 అక్టోబర్

నిన్నటి వార్తకి గోపీనాథ్ హెడ్డింగ్: కన్నీటి వీడ్కోలు. ఈసారి సప్లయర్ లేడు. మొదటిదే జనానికి గుర్తుంటుంది.

4 నవంబర్

రాజ్యలక్ష్మి ఫోన్ చేసింది. నంబర్ బసవపున్నయ్య గారిచ్చారట. గొంతులో ఏడుపు లేదు. లెక్క అడిగే మనిషి గొంతు.

మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి తిరిగే చోట లక్ష్మీకాంత్ గారు ముఖద్వారం కట్టిస్తున్నారు. ఆయన చిన్నాన్న ఆదిశేషయ్య పేరు మీద. ఆయన డెబ్భై ఒకటి యుద్ధంలో పోయిన సిపాయి. వీరజవాన్ల ముఖద్వారం అని పేరు. స్తంభం మీద ఇంకొక రాయికి చోటు ఉంది. అక్కడ చక్రి పేరు చెక్కమని రాజ్యలక్ష్మి అడిగింది. పంచాయతీ ఆఫీసులో అందరూ కూర్చున్నారు. కుదరదన్నారు.

మీ పేపరు ముక్క లామినేషన్ చేయించి పెట్టుకున్నారండీ, అదే చూపిస్తున్నారు అంది.

6 నవంబర్

రావులమెరక వెళ్ళాను. లక్ష్మీకాంత్ గారు మర్యాదస్తుడు. మిల్లులో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. మాకేం పట్టింపు లేదండీ రేణుక గారూ అన్నారు. తుపాకీ పట్టుకుని పోయినాయన పక్కన లారీలో కూర్చుని పోయినాయన పేరు ఎట్టా చెక్కుతామండీ, రేపు ఆర్టీసీ డ్రైవరు పోయినా చెక్కమంటారు అన్నారు. పాపం మంచి కుర్రాడే, నాకేం కోపమండీ అన్నారు. ఆ తర్వాత లామినేషన్ బల్ల మీద పెట్టారు.

మీరు ఆచితూచి రాస్తారని జిల్లా అంతా తెలుసండీ. మీరే వీర అని రాయలేదు గదా.

మిల్లు మీద బోర్డు చూశాను. సివిల్ సప్లైస్ శాఖకి బియ్యం ఆడించే మిల్లు అది. ఈయనా సప్లయరే. ఆ మాట అనాలనిపించింది. అంటే వాదన గెలుస్తాను, రాయి రాదు. అనలేదు.

మగ్గాల వీధికి వెళ్ళాను. రాజ్యలక్ష్మి వంటిల్లు చూపించింది. అల్మరాలో డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. సెలవు మీద ఇంటికొచ్చిన మొదటి రోజు చక్రి చేసే పని అదేనట. పాత కందిపప్పు ముందుకి, కొత్తది వెనక్కి. పాతది అయిపోకుండా కొత్త ప్యాకెట్ కత్తిరిస్తే ఊరుకునేవాడు కాదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వాసన చూసేవాడు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ వాళ్ళు నవ్వేవాళ్ళండీ, అల్లుడు మిలిటరీయా కిరాణా కొట్టా అని, అంది. తను కూడా నవ్వింది. వెంటనే ఆపేసింది.

అతను పోయాక కొన్న కారం ప్యాకెట్ వెనక వరసలో ఉంది. కత్తిరించలేదు.

ఈవిడకి కావాల్సింది ఒక్కటే. బడికి వెళ్ళేటప్పుడు కూతురు ఆ ద్వారం కింద నుంచే వెళ్ళాలి. రోజూ. అందులో ఒకాయన పేరుండి నాన్న పేరు లేకపోతే పిల్ల ఏమనుకుంటుంది అని అడిగింది. పింఛను వస్తోంది. దాని గురించి ఫిర్యాదు లేదు.

7 నవంబర్

సవరణ వెయ్యమన్నాను. గోపీనాథ్ ఓపిగ్గా విన్నాడు. ఏది తప్పు మేడం అన్నాడు. సప్లైలో ఉన్నాడు, సప్లయర్. కొండచరియ పడింది, పడింది. మృతి, మృతే. సవరించడానికి తప్పుండాలి గదా. వీర అని పెడతానని నేనే అన్నాను, వద్దన్నది మీరు అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నా పాఠం నాకే అప్పజెప్పాడు. మార్కులు కోయడానికి లేదు.

19 నవంబర్

వీర అనేది విశేషణం. దాని వెనక ఒక పని ఉంటే అది వాస్తవం అవుతుంది. పని ఉందేమో వెతుకుదాం అనుకున్నాను. పి.ఆర్.ఓ. ద్వారా చక్రి యూనిట్ నంబర్ సంపాదించాను. ఈ రోజు లైన్ కలిసింది. కుర్ర కెప్టెన్. ఇంగ్లీషులో మాట్లాడాడు.

అడిగాను. ఎవర్నైనా కాపాడబోయాడా. లేదు మేడం. హెచ్చరించాడా. టైమ్ లేదు మేడం. రోడ్డు చూసి వస్తానని డ్రైవర్ దిగాడు, నాయక్ క్యాబిన్లో కూర్చుని ఉన్నాడు, కొండ వచ్చేసింది. లోడ్ వదిలి ఇద్దరూ దిగకూడదు, అది రూల్. అందుకని కూర్చున్నాడు. వేసవి నుంచి అదే రోడ్డు మీద వారం వారం వెళ్తున్నాడు. ఎప్పుడూ కంప్లయింట్ లేదు. అంతే మేడం.

ఫోన్ పెట్టేముందు, నేనడక్కుండానే ఒక మాట చెప్పాడు. ఆ లోడ్ తవ్వి తీశాం మేడం, వేరే బండిలో పంపాం, మంచు పడే ముందు పైకి చేరింది అన్నాడు.

మనిషి పోయాడని అడిగితే పిండి సంగతి చెబుతాడేంటి అనుకున్నాను. ప్యాడ్ మీద రాసుకున్నాను, అలవాటు కొద్దీ.

20 నవంబర్

పని లేదు. కూర్చున్నాడు. అంతే.

8 డిసెంబర్

సర్వీస్ కోర్ వాళ్ళ పండగ రోజట. బసవపున్నయ్య గారు భోజనానికి పిలిచారు. పామర్రులో రెండు గదుల ఇల్లు. భార్య లేరు. పులావు తనే వండారు. ప్రతి ఏడూ ఈ రోజున పెద్ద గిన్నెతో వండి, వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ళకి పెడతారట. ఎందుకో వీధికి తెలియదు. వాళ్ళబ్బాయి పుట్టినరోజు అనుకుంటారు.

చరిత్ర చెప్పమన్నాను. నేను నోట్స్ తీసుకోవడం ఆయనకి నచ్చింది. సైన్యాలు పోతుంటే వెనకాల ఎద్దుల మీద ధాన్యం మోసుకుని లంబాడీ వాళ్ళు పోయేవాళ్ళమ్మా, మొగలాయిలైనా నైజామైనా ఇంగ్లీషోడైనా వాళ్ళు లేందే అడుగు పడేది కాదు అన్నారు. తర్వాత కుంపిణీ వాళ్ళు బెంగాల్లో కమిసరియట్ అని సైన్యం సరుకులకి ఒక శాఖ పెట్టారు. మా కోర్ పుట్టుక అక్కడి నుంచే లెక్క అన్నారు. హిట్లర్ యుద్ధంలో మన కంచరగాడిదల కంపెనీలు ఫ్రాన్సు దాకా పోయినయ్యట. ఆ ఫొటోల్లో గాడిదలు బ్రహ్మాండంగా కనపడతయ్, పక్కన తాడు పట్టుకున్నోడి పేరు మాత్రం ఎవుడూ రాసుకోలా అన్నారు.

తుపాకీ వాళ్ళు మిమ్మల్ని ఎలా చూసేవాళ్ళు అని అడిగాను. పిండిగాళ్ళు వచ్చార్రా అనేవాళ్ళు మా కాలంలో అన్నారు. కోపంగా చెప్పలేదు. మంచు పడ్డాక మాత్రం, పిండి అన్నయ్య గారూ అనేవాళ్ళు అని నవ్వారు. సరుకు చేరితే మా ఊసెవడెత్తుతాడమ్మా, చేరని రోజే మేం గుర్తొచ్చేది అన్నారు. మా పేపర్ కూడా అంతే. రైలు టైముకి వస్తే మేం రాయం.

కెప్టెన్ చెప్పింది చెప్పాను. కూర్చుని ఉండగా పడిందని. ఆయన ముద్ద కలపడం ఆపారు. ఆ లోడు పైకి చేరిందా అని అడిగారు. చేరిందట అన్నాను.

అయితే సరేనమ్మా అన్నారు. మళ్ళీ ముద్ద కలుపుకున్నారు.

29 డిసెంబర్

లక్ష్మీకాంత్ గారు మధ్యేమార్గం కనిపెట్టారు. బడిలో పిల్లలు అన్నం తినే రేకుల షెడ్డు కొత్తగా వేయిస్తారట. దానికి చక్రి పేరు పెడతారట. ఆయన చేసిన పనికి తగ్గట్టుగా ఉంటది గదండీ అని రాజ్యలక్ష్మితో అన్నారట. నిజంగా మంచి మనసుతోనే అని ఉంటారు. అదే బాధ.

శౌరమ్మ మండిపడిందట. నా గరిటెల మధ్య ఆయన పేరెందుకయ్యా, గేటు మీద పెట్టే దమ్ము లేకపోతే పెట్టబోకండి, ఆ పిల్లని మాత్రం ఎగతాళి చెయ్యబోకండి అందట. షామియానా మాణిక్యం కూడా రోషపడ్డాడని బసవపున్నయ్య గారు చెప్పారు. సప్లయరంటే అంత చులకనా, ముఖద్వారం ఫంక్షన్‌కి నేను ఒక్క కుర్చీ ఇవ్వను, ఎండలో నిలబడి కొబ్బరికాయ కొట్టుకోమనండి అన్నాడట.

6 జనవరి 2025

రాజ్యలక్ష్మి ఆఫీసుకి వచ్చింది. పామర్రులో బస్సెక్కి బెంజ్ సర్కిల్‌లో దిగి, అడుగుతూ వచ్చిందట. రిసెప్షన్‌లో టిఫిన్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాఫీ వద్దంది.

ఒక్క లైను రాయండి మేడం అంది. ఆయన ఎవరినో కాపాడబోయి పోయాడని. మీ పేపర్లో వస్తే వాళ్ళు కాదనలేరు.

ఆయన ఎవర్నీ కాపాడలేదమ్మా అన్నాను. నాకు తెలుసండీ, మీకూ తెలుసు, వాళ్ళకి తెలియదు గదా అంది.

రాయలేనన్నాను. ఆవిడ వాదించలేదు. మీరు రాయని మాట వల్ల పోయింది, మీరు రాసే మాట వల్లే రావాలి గదండీ అంది.

ఈ కుర్చీలో కూర్చుని ఎంతమంది అబద్ధం రాయమన్నారో లెక్క లేదు. మంత్రుల పి.ఎ.లు, కాంట్రాక్టర్లు, కాలేజీల యజమానులు. వాళ్ళకి కాదని చెప్పడంలో ఒక సుఖం ఉండేది. ఈ రోజు లేదు.

బదులుగా సప్లై విభాగం గురించి పెద్ద ఫీచర్ రాస్తానన్నాను. చరిత్ర అంతా. చక్రి ఏ రోడ్డు మీద ఏం తీసుకెళ్ళేవాడో, అంతా నిజమే, అంతా వివరంగా. మా డబ్బాలు సర్దే సంగతి కూడానా అని అడిగింది. అవునన్నాను. అది చదివి మళ్ళీ నవ్వుతారండీ అంది. లేచింది. బస్టాప్ దాకా వెళ్ళాను. ఆటోవాడు ఎక్కడికమ్మా అంటే చెయ్యి అడ్డంగా ఊపి నడిచింది.

గోపీనాథ్ తర్వాత అడిగాడు. ఒక్క లైనే గదా మేడం, ఎవరికి నష్టం అన్నాడు. వాస్తవానికి అన్నాను. వాస్తవానికి భార్యాపిల్లలు ఉండరు మేడం అన్నాడు.

15 జనవరి

ఆర్మీ డే. నా ఫీచర్ వచ్చింది. పేజీ అంతా రాస్తే నాలుగు పేరాలు మిగిలాయి. లంబాడీలు లేరు. కంచరగాడిదలు లేవు. చక్రి ఒక వాక్యంలో ఉన్నాడు. హెడ్డింగ్: సైన్యానికి అన్నదాతలు. ఫొటో: యుద్ధ ట్యాంకు.

20 జనవరి

ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. మూడు వేర్వేరు వాట్సాప్ గ్రూపుల నుంచి. మచిలీపట్నం వైపు ఎవరో నడిపే యూట్యూబ్ ఛానల్. వెనక విషాద సంగీతం. ముగ్గురు జవాన్లను కాపాడి తాను ఒరిగిపోయిన కృష్ణా జిల్లా ముద్దుబిడ్డ. ముందు లారీలో చిక్కుకున్న ముగ్గుర్ని ఒక్కొక్కరినే లాగి, నాలుగోసారి వెనక్కి తిరిగేసరికి. అలా సాగింది. రాజ్యలక్ష్మి అల్మరా ముందు నిలబడి చెబుతోంది. తడబడలేదు. ముగ్గురు అనే చోట ఒక్కసారి కళ్ళు పక్కకి తిప్పింది.

లక్షల మంది చూశారు. కింద కామెంట్లలో జెండాలు.

లక్ష్మీకాంత్ గారు ఫోన్ చేశారు. ఇంత పని చేసినవాణ్ణి మనం షెడ్డుకి పరిమితం చేశామేంటండీ, మీరైనా ముందే ఒక ముక్క రాయాల్సింది గదండీ అన్నారు. మాట మధ్యలో ఆపి ముక్కు చీదుకున్నారు. నటన కాదు. రాయి చెక్కడానికి ఇచ్చేశారట.

అది అబద్ధం అని ఆయనకి చెప్పడానికి నా దగ్గర కెప్టెన్ మాట ఉంది. నోట్స్ ఉన్నాయి. చెప్పలేదు. రాయలేదు కూడా. ఇది మంచితనమా, పిరికితనమా. రెండూ విశేషణాల్లో నుంచి పుట్టినవే, వదిలేస్తున్నాను.

26 జనవరి

ముఖద్వారం ప్రారంభం. మాణిక్యం కుర్చీలు ఇచ్చాడు. షామియానా కూడా. ఇవ్వనన్నావట గదా అంటే, ఈ సీజన్ పెళ్ళిళ్ళన్నీ వాళ్ళ బంధువులవేనమ్మా, రోషం ఎన్ని రోజులు తింటాం అన్నాడు. అంచు మీద అదే ఎర్ర పెయింట్. ఈసారి ఎవరూ నవ్వలేదు. చక్రి ఇప్పుడు సప్లయర్ కాదు.

రాయి చదివాను. ముగ్గురు తోటి సైనికుల ప్రాణాలు కాపాడి అమరుడైన వీరజవాన్ చక్రధర్. పక్కన తుపాకీ బొమ్మ. కింద, రాయి ఇచ్చిన దాతల పేర్లు.

నేగీ గారిని ముఖ్య అతిథిగా పిలిపించారు. అంత దూరం నుంచి రైల్లో వచ్చాడు. ఆయన వస్తున్నాడని రాజ్యలక్ష్మికి ఈ రోజు పొద్దున్నే తెలిసిందట. ఆ రోజు కాన్వాయ్‌లో ముందు లారీలో ఉన్నది ఆయనే. ఆవిడ పాపని దగ్గరికి లాక్కుని నిలబడింది. చీర కొంగు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది.

రాయి మీద ఏం రాశారని నేగీ అడిగాడు. బసవపున్నయ్య గారు హిందీలో చెప్పారు. నేను దగ్గరే ఉన్నాను. తప్పించి చెబుతారేమో అనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పారు.

నేగీ రాయిని చాలాసేపు చూశాడు. మన కోర్ పేరు ఎక్కడ ఉంది అని అడిగాడు. లక్ష్మీకాంత్ గారు వంగి వినయంగా, స్థలం చాల్లేదండీ అన్నారు. నేగీ తల ఊపాడు. సెల్యూట్ చేశాడు. మైకు ఇస్తే తీసుకోలేదు.

భోజనాల దగ్గర శౌరమ్మ ఆయనకి తనే వడ్డించింది. విస్తరి ఖాళీ చేసి లేచాడు. చెయ్యి కడుక్కుంటూ బసవపున్నయ్య గారితో ఏదో అన్నాడు. ఆయన ముఖం తిప్పేసుకున్నారు. తర్వాత కారు దగ్గర నాకు చెప్పారు.

ఎవరైనా అడిగితే, ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేనని చెప్పమన్నాడట.

కారులో కూర్చుని రిపోర్ట్ రాశాను. ముఖద్వారం ప్రారంభమైంది. ఫలానా వారు పాల్గొన్నారు. ముగ్గురి సంగతి రాయలేదు. గోపీనాథ్ కలుపుకుంటాడు.

ఒక అపరిచితుడు వెయ్యి మైళ్ళు వచ్చి తన పేరు ఇచ్చి వెళ్ళాడు. నేను ఇచ్చింది ఆరు వాక్యాలు.

27 జనవరి

కలిపాడు.

16 ఫిబ్రవరి

కూచిపూడిలో వేరే పని మీద వెళ్ళి, రాజ్యలక్ష్మి ఇంటికి వెళ్ళాను. పలకరించింది. కోపం లేదు, చనువూ లేదు. కుట్టు మిషన్ ఆపకుండానే మాట్లాడింది.

ఊరు ఇప్పుడు బాగా చూస్తోందట. కొట్టుకి వెళ్తే ముందు ఆవిడకే ఇస్తారట. బడిలో జెండా తాడు పాప చేతికి ఇచ్చారట. కానీ టీచరు క్లాసులో అడిగిందట, నాన్న కాపాడిన ముగ్గురి పేర్లు చెప్పమ్మా అని. పాప ఇంటికొచ్చి అడిగింది. ఫొటోలు కూడా కావాలంది, ప్రాజెక్టులో అంటించాలట.

నేగీ గారి పేరు చెప్పానండీ అంది. ఇంక ఇద్దరు కావాలి.

మిషన్ కాసేపు నడిచింది. ఆయన అక్కడ ఏం పని చేసేవాడని మాత్రం ఇప్పుడు ఎవరూ అడగట్లేదండీ, పాప కూడా అంది.

అల్మరా తలుపు తెరిచే ఉంది. కొత్త కారం ప్యాకెట్ ముందు వరసలోకి వచ్చింది. కత్తిరించి ఉంది.

8 అక్టోబర్ 2025

చక్రి పోయి ఏడాది. ద్వారానికి దండలు వేశారట, స్ట్రింగర్ ఫొటో పంపాడు. ఫొటో కింద ఒక వాక్యం కావాలని గోపీనాథ్ అడిగాడు. మీ ఇష్టం వచ్చిన విశేషణం పెట్టుకోండి మేడం, ఈసారి స్పేస్ ఉంది అన్నాడు.

పాత ప్యాడ్ తీశాను. ఒక వాక్యం రాసి పంపాను.

ఆ పిండి పైకి చేరింది.

ఫోన్ మోగింది. ఏ పిండి మేడం అన్నాడు.